‘అమ్మా, నువ్వు రావద్దు. నీకేమీ తెలియదు’ అన్నాడు మా బాబు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, వెర్రిబీ దగ్గర ఉంటున్న ఒక సోదరి మూడు పేజీల ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆవిడ వయసు 36. సొంతూరు తెనాలి దగ్గర. అక్కడ ఒక హైస్కూల్లో ఎనిమిదేళ్లు సోషల్ చెప్పారు. స్కూల్లో క్విజ్ పెట్టినప్పుడల్లా ప్రశ్నలు తయారుచేసింది ఆవిడే. రెండేళ్ల క్రితం భర్త ఉద్యోగం వల్ల ఆస్ట్రేలియా వచ్చారు. ఇక్కడ కోర్సు చేసి ఒక చైల్డ్‌కేర్‌లో చేరారు. పని నచ్చింది, పిల్లలు బాగా చేరువయ్యారు. ఇబ్బందంతా తోటి స్టాఫ్‌తోనే. ఆవిడ మాటల్లోనే:

“చేరిన రెండో వారం ‘ఫ్రైడే మార్నింగ్ టీ, బ్రింగ్ ఎ ప్లేట్’ అన్నారు. వాళ్ల దగ్గర పళ్లేలు తక్కువేమో అనుకుని ఖాళీ స్టీలు పళ్లెం తీసుకెళ్లాను. అందరూ పగలబడి నవ్వారు. ఒకరోజు ‘హౌ యా గోయింగ్’ అని అడిగితే ‘బై బస్’ అన్నాను. డాండెనాంగ్ కొండలకి పిక్నిక్ వెళ్లినప్పుడు, చెట్ల మీంచి డ్రాప్ బేర్‌లు మనుషుల మీదికి దూకుతాయని, చెవుల వెనక వెజిమైట్ (బ్రెడ్‌కి రాసుకునే నల్లటి పేస్టు) రాసుకుంటే దగ్గరికి రావని చెప్పారు. నమ్మి రాసుకున్నాను. ఆ ఫొటో స్టాఫ్ గ్రూపులో ఇప్పటికీ తిరుగుతోంది. కొత్తగా ఎవరు చేరినా ముందు నా కథలే చెప్తారు. పేరు నోరు తిరగడం లేదని రెండక్షరాలకి కుదించేశారు. ఇప్పుడు లంచ్ కారులో కూర్చుని తింటున్నాను.

“వచ్చే నెల మా బాబు స్కూల్లో ట్రివియా నైట్, అంటే పెద్దవాళ్ల క్విజ్ పోటీ, ఉంది. మా సెంటర్‌లో పనిచేసే ఒకావిడ కూతురూ అదే స్కూలు. వాళ్ల టేబుల్‌లో కూర్చోమని పిలిచింది. మావారేమో ‘మన తెలుగువాళ్ల ఫంక్షన్లు చాలవా, అక్కడికెళ్లి మళ్లీ నవ్వులపాలవ్వాలా’ అంటారు. మూడో తరగతి చదివే బాబు అయితే ‘అమ్మా, నువ్వు రావద్దు. నీకేమీ తెలియదు’ అనేశాడు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. వాళ్లు చేసేది సరదానా, అవమానమా? నేను వెళ్లాలా, మానాలా? వెళ్లాలంటే, చదువుకోవడానికి ఆస్ట్రేలియా మీద ఒక వంద జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు పంపగలరా?”

అమ్మా, పళ్లెం సంగతి కంటే ముందు మీ ఎనిమిదేళ్ల టీచరు ఉద్యోగం గురించి మాట్లాడాలి. ప్రశ్నలు తయారుచేసిన మనిషి, ఊరంతా ‘మేడమ్ గారు’ అని పిలిచిన మనిషి, ఇక్కడికొచ్చి మామూలు పలకరింపుకి కూడా జవాబు తప్పు చెప్పారు. మిమ్మల్ని కోస్తున్నది అదే. మీకు తెలివి తక్కువై కాదు, తెలిసిన విషయాలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయినట్టు అనిపించడం వల్ల వచ్చిన బాధ. నేను మెల్‌బోర్న్ వచ్చి 20 ఏళ్లు దాటింది. మొదటి మూడేళ్లు మా అమ్మాయి స్కూల్లో ఒక్క ఫంక్షన్‌కీ వెళ్లలేదు. నాకూ ఆ భయమే. ఆ మూడేళ్లు పోగొట్టుకున్నందుకు నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. ఇది మీకు ముందే చెప్పేస్తున్నాను, నా సలహా ఎటు మొగ్గుతుందో మీరు గమనించుకోవడానికి.

సరదానా, అవమానమా అన్నదానికి ఒక్క మాటలో జవాబు లేదు. మీరు రాసిన నాలుగు సంఘటనల్నీ విడివిడిగా చూద్దాం.

‘బ్రింగ్ ఎ ప్లేట్’ అంటే తలా ఒక వంటకం తెండి అని. పిలిచినవాళ్ల మీద వంట భారమంతా పడకుండా చేసుకున్న ఏర్పాటు. కార్తీకమాసంలో వనభోజనాలకి ఒకరు పులిహోర, ఒకరు గారెలు తెచ్చినట్టే అనుకోండి. ఈ మాట దగ్గర తప్పటడుగు వేసినవాళ్లు మీ ఒక్కరే కాదు. ఇంగ్లిషే మాతృభాషగా ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు కూడా ఖాళీ పళ్లెంతో వెళ్లిన కథలు ఇక్కడ ఎన్నో తరాలుగా చెప్పుకుంటారు. ‘హౌ యా గోయింగ్’ కూడా అంతే, ‘బాగున్నారా’ అని. ‘నాట్ బ్యాడ్, యువర్‌సెల్ఫ్?’ అంటే సరిపోతుంది.

డ్రాప్ బేర్ సంగతి వేరు. అది ఈ దేశం మొత్తం కలిసి ఆడే ఆట. కోలా చెట్టు మీద రోజుకి ఇరవై గంటల దాకా నిద్రపోయే సాధు జంతువు, అసలు ఎలుగుబంటి జాతే కాదు. కంగారూలా పొట్టసంచిలో పిల్లని పెంచుతుంది. దాన్ని పట్టుకుని, మనుషుల మీదికి దూకే క్రూర జంతువు ఒకటి ఉందని కల్లబొల్లి కథ అల్లారు. సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియం 1827లో పెట్టింది, దేశంలోకెల్లా పాతది. ఆ మ్యూజియమే తన వెబ్‌సైట్‌లో డ్రాప్ బేర్‌కి ఒక పేజీ పెట్టి, ఎంత బరువుంటుందో, ఎక్కడ తిరుగుతుందో నిజం జంతువు గురించి రాసినట్టే రాసింది. మీరు నమ్మారంటే అంత పకడ్బందీగా చెప్పారన్నమాట. ఈ ఆటకి ఒక పద్ధతి ఉంది. చెప్పేవాళ్లు నవ్వకుండా చెప్పాలి, మోసపోయినవాళ్లు తర్వాత వచ్చే కొత్తవాళ్లకి అంతే గంభీరంగా చెప్పాలి. అంటే మీ వంతు ఇంకా మిగిలే ఉంది.

ఇక్కడ మనుషులు దగ్గరివాళ్లనే ఎక్కువ ఆటపట్టిస్తారు, పరిచయం లేనివాళ్లతో మర్యాదగా ఉంటారు. మన దగ్గర బావామరదళ్ల మధ్య, వదినామరదళ్ల మధ్య సాగే వేళాకోళం ఇక్కడ ఆఫీసులో సాగుతుంది. తల ఎగరేసేవాళ్లని కిందికి లాగే అలవాటు కూడా ఉంది, దాన్ని ‘టాల్ పాపీ సిండ్రోమ్’ అంటారు. అందుకే మేనేజరుని కూడా వదలరు.

అయినా, ఇవన్నీ వాళ్ల ఆచారం కాబట్టి మీరు భరించాల్సిందే అని నేను అనను. మీరు కొన్ని విషయాలు గమనించాలి. మీ టీమ్ లీడర్‌నీ, మిగతావాళ్లనీ కూడా ఇలాగే ఏడిపిస్తారా, లేక ఎప్పుడూ మీరేనా? మీరు తిరిగి ఒక మాట అంటే నవ్వుతారా, మొహం ముడుచుకుంటారా? మీ రంగు, యాస, దేవుడు, మీ లంచ్ బాక్సు వాసన మీదికి మాట వెళ్లిందా? వద్దని చెప్పాక కూడా ఆ ఫొటో తిరిగిందా? ఉత్తరాన్ని బట్టి చూస్తే, మీరింతవరకూ ‘వద్దు’ అని ఎవరితోనూ అన్నట్టు లేదు. కాబట్టి వాళ్లకి మీ బాధ తెలియకపోయే అవకాశం చాలా ఉంది. మీరు కారులో తినడాన్ని ఒంటరిగా ఉండటం ఇష్టమని అనుకుంటూ ఉండొచ్చు.

మీ ముందు మూడు దారులున్నాయి. ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. కథ కొన్నాళ్లకి పాతబడుతుంది, కానీ ఈలోపు మీరు ఆ కారులోంచి బయటికి రారు. రెండోది, మీకు కాస్త చనువున్న ఒక్క మనిషిని, బహుశా ఈ టేబుల్‌కి పిలిచినావిడనే, పక్కకి పిలిచి ‘ప్లేట్ కథకి నేనూ నవ్వుతాను, ఆ ఫొటో మాత్రం నాకు ఇష్టం లేదు, తీసేయండి’ అని చెప్పడం. ఇక్కడ సూటిగా, చిన్న గొంతుతో చెప్పిన మాటకి విలువ ఎక్కువ. చాలామంది వెంటనే ‘సారీ’ అంటారు. ఒకరిద్దరు కొన్నాళ్లు బిగుసుకుని ఉండొచ్చు. మూడోది ఫిర్యాదు. ముందు డైరెక్టరుకి రాతపూర్వకంగా ఇవ్వాలి. అక్కడ ఆగకపోతే, పనిచోట పదేపదే జరిగే వేధింపుని ఆపించమని, ఉద్యోగ వివాదాలు తేల్చే ఫెయిర్ వర్క్ కమిషన్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ హక్కు మీకుంది. అయితే అటు వెళ్లాక తిరిగి కలిసి టీ తాగడం కష్టం. రెండో దారి తొక్కి చూడకుండా మూడోదానికి వెళ్లడం తొందరపాటు అని నా అభిప్రాయం. జాతి గురించి ఒక్క మాట వచ్చినా మాత్రం తేదీ, మాట, ఎవరున్నారు అన్నది ఆ రోజే రాసి పెట్టుకోండి. అప్పుడు మొహమాటం వద్దు.

పేరు విషయం. వీళ్లకి ఏ మాటనైనా కత్తిరించి చివర ‘ఓ’, ‘ఈ’ తగిలించే అలవాటు. ఆఫ్టర్‌నూన్ ‘ఆర్వో’, బ్రేక్‌ఫాస్ట్ ‘బ్రెకీ’, పెట్రోల్ బంకు ‘సర్వో’, అంబులెన్స్ ‘ఆంబో’. మెక్‌డొనాల్డ్స్‌ని ‘మ్యాకాస్’ అని ఎంతగా పిలిచారంటే, 2013లో ఆ కంపెనీయే కొన్ని చోట్ల బోర్డు మార్చి అలాగే రాయించింది. కాబట్టి కుదించడం చిన్నచూపు కాకపోవచ్చు. కానీ పేరు మీది. పూర్తి పేరుతోనే పిలవమంటే మీ హక్కే, ఓ నెల రోజులు దిద్దుతూ ఉండాలి, ఓపిక కావాలి. ఇంట్లో మిమ్మల్ని పిలిచే ముద్దుపేరు ఉంటే అది చెప్పండి. అప్పుడు కుదించినది వాళ్లు కాదు, ఇచ్చింది మీరు. నాకైతే ఈ రెండోది నచ్చుతుంది.

ఇప్పుడు ట్రివియా నైట్. మీరు హైస్కూల్ క్విజ్‌ని ఊహించుకుంటున్నట్టున్నారు, ఒక్కరినే నిలబెట్టి అడుగుతారని. అలా కాదు. టేబుల్‌కి ఎనిమిది మందో పది మందో కూర్చుంటారు. ప్రశ్న మైకులో చదువుతారు, టేబుల్ అంతా తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకుని ఒక కాగితం మీద జవాబు రాస్తుంది. ఎవరికేం తెలియదో పక్క టేబుల్‌కి తెలియదు. మధ్యలో రాఫెల్ (లాటరీ లాంటిది) టికెట్లు అమ్ముతారు. వచ్చిన డబ్బు స్కూలుకి, ఆట పరికరాలకో లైబ్రరీకో పోతుంది. తిండి టేబుల్ వాళ్లే తెచ్చుకుంటారు. మందు కూడా చాలాచోట్ల ఎవరిది వాళ్లే తెచ్చుకుంటారు, దాన్ని ‘బీవైఓ’ అంటారు. మీరు నిమ్మరసం సీసా పట్టుకెళ్లినా ఎవరూ అడగరు. మీవారి బెంగ ఇదైతే ఈ మాట ఆయనకి చెప్పండి.

వంద ప్రశ్నలు మాత్రం పంపను. బట్టీపట్టిన జవాబు కంగారులో ఎగిరిపోతుందని పిల్లలకి పాఠం చెప్పిన మీకు నేను చెప్పక్కర్లేదు. కారణంతో సహా తెలిసినది నిలుస్తుంది. ఉదాహరణకి రాజధాని సిడ్నీ కాదు, కాన్‌బెరా అని మీకు తెలుసు. ఎందుకని? సిడ్నీ, మెల్‌బోర్న్ రెండూ నాకంటే నాకని పట్టుబట్టాయి. చివరికి రాజధాని న్యూ సౌత్ వేల్స్‌లోనే ఉండాలి, కానీ సిడ్నీకి కనీసం వంద మైళ్ల దూరంలో ఉండాలి, అది కట్టేదాకా పార్లమెంటు మెల్‌బోర్న్‌లో కూర్చోవాలి అని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 1927 దాకా పార్లమెంటు ఇక్కడే నడిచింది. 1953లో కర్నూలుకి రాజధాని, గుంటూరుకి హైకోర్టు ఎలా వచ్చాయో పాఠం చెప్పిన మీకు ఇది ఒక్కసారి వింటే చాలు.

అలాగే ఎన్నికల సాసేజ్. 1922 ఎన్నికల్లో అరవై శాతం మంది కూడా ఓటు వేయలేదు. 1924లో ఓటు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు, మరుసటి ఏడాది పోలింగ్ తొంభై శాతం దాటింది. ఇప్పటికీ కారణం లేకుండా ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయకపోతే 20 డాలర్ల జరిమానా. పోలింగ్ శనివారం, అదీ ఎక్కువగా స్కూళ్లలో. అందరూ ఎలాగూ వస్తారు కాబట్టి తల్లిదండ్రుల కమిటీలు గేటు దగ్గర పొయ్యి పెట్టి, బ్రెడ్ ముక్కలో సాసేజ్, వేయించిన ఉల్లిపాయలు పెట్టి అమ్మడం మొదలుపెట్టాయి. దానికి ‘డెమోక్రసీ సాసేజ్’ అని పేరు, 2016లో ఆస్ట్రేలియన్ నేషనల్ డిక్షనరీ సెంటర్ దాన్నే ఆ ఏటి మాటగా ఎంచింది. మీ ట్రివియా నైట్ ఎందుకు పెడుతున్నారో ఇదీ అందుకే: బడి కోసం నలుగురూ చెయ్యి వేయడం.

ఫుటీ, అంటే ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, ప్రశ్నలు తప్పకుండా వస్తాయి, మెల్‌బోర్న్ కదా. మైదానం క్రికెట్‌దిలా గుండ్రంగా, కోలగా ఎందుకుంటుంది? క్రికెటర్లు చలికాలంలో ఒళ్లు వంచడానికి ఒక ఆట కావాలని టామ్ విల్స్ 1858లో రాశాడు, 1859లో నియమాలు కూర్చారు. అందుకని క్రికెట్ మైదానాల్లోనే పెరిగింది. జట్టుకి 18 మంది. ఒక్కో చివర నాలుగు స్తంభాలు: మధ్య రెండింటి నడుమ కొడితే ఆరు పాయింట్లు, పక్క సందులో పడితే ఒకటి. మీరుండే పడమటి వైపు జట్టు వెస్ట్రన్ బుల్‌డాగ్స్. 1954లో గెలిచాక మళ్లీ కప్పు ఎత్తడానికి 62 ఏళ్లు పట్టింది, 2016లో. ఆ రోజు ఆ జట్టు సొంత పేట ఫుట్‌స్క్రేలో ముసలివాళ్లు రోడ్డు మీద నిలబడి ఏడ్చారు. ‘మీరు ఏ జట్టు?’ అని అడిగేటప్పుడు ‘బ్యారక్’ అనే మాట వాడండి. అమెరికా వాళ్లు వాడే ‘రూట్’ మాత్రం వద్దు, ఇక్కడ దానికి బూతు అర్థం ఉంది.

ఇంకో మూడు నాలుగు, మీకు నచ్చుతాయని. 1932లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈమూ పక్షులు గోధుమ చేల మీద పడితే, అసలే ధర పడిపోయి కుదేలైన రైతులు మొరపెట్టుకున్నారు. సైనికుల్ని మెషిన్‌గన్‌లతో పంపారు. పక్షులు చిన్న గుంపులుగా చెదిరిపోతూ దొరకలేదు, సైన్యం వెనక్కి వచ్చేసింది. ప్రధాని హెరాల్డ్ హోల్ట్ 1967 డిసెంబరులో మెల్‌బోర్న్ దగ్గరి చెవియట్ బీచ్‌లో ఈతకి దిగి మాయమైపోయారు, శవం కూడా దొరకలేదు. ఆయన నియోజకవర్గంలో అప్పుడు కడుతున్న ఈతకొలనుకి ఆయన పేరే పెట్టారు. టెస్టు క్రికెట్‌లో బ్రాడ్‌మన్ సగటు 99.94, చివరి ఇన్నింగ్స్‌లో నాలుగు పరుగులు చేసి ఉంటే నిండా వంద. ఆ అంకె మీద ప్రేమతో ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ తన పోస్ట్ బాక్స్ నంబరు 9994గా పెట్టుకుంది. అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్లే ‘ది ఘాన్’ రైలు పేరు వెనక మనవాళ్లూ ఉన్నారు. ఎడారిలో సామాను మోయడానికి 1860ల నుంచి ఒంటెలతో వచ్చిన అఫ్గాన్, బలూచీ, పంజాబీ, పెషావర్ మనుషులందరినీ కలిపి ఇక్కడివాళ్లు ‘అఫ్గాన్‌లు’ అనేశారు.

ఇంతకీ మీకు ఇప్పటికే తెలిసినవి ఎన్నో. ‘నో హ్యాట్, నో ప్లే’ అని పిల్లలకి రోజూ చెప్పేది మీరే. 1981లో వచ్చిన ‘స్లిప్, స్లొప్, స్లాప్’ ప్రకటనలో మొదటిది చొక్కా తొడగడం, రెండోది సన్‌స్క్రీన్ రాయడం, మూడోది టోపీ పెట్టడం. ఫెయిరీ బ్రెడ్ అంటే వెన్న రాసిన బ్రెడ్ మీద రంగు పంచదార గింజలు. వసంతంలో మాగ్‌పైలు గూడు దగ్గరికొచ్చినవాళ్ల తల మీదికి దూసుకొస్తాయి, ఇది మాత్రం డ్రాప్ బేర్‌లా కథ కాదు, నిజం. చైల్డ్‌కేర్‌లో ఉన్న మనిషికి ఈ దేశం బాల్యమంతా చేతిలోనే ఉంటుంది.

బాబు సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. వాడు మిమ్మల్ని తక్కువ చేయాలని అనలేదు. మీరు ఇంట్లో ఈ కథలు చెప్పుకుని బాధపడటం విన్నాడు, మళ్లీ ఎవరైనా నవ్వుతారేమోనని భయపడ్డాడు. కొంత సిగ్గు కూడా ఉండొచ్చు. ఆ వయసు పిల్లలకి అది సహజం. తిట్టకండి, ఏమీ జరగనట్టు ఊరుకోకండి కూడా. ‘ఆ మాట నాకు కష్టంగా అనిపించింది’ అని ఒక్కసారి చెప్పి, ఫుటీ నియమాలు నేర్పమని వాణ్ణే అడగండి. మీరూ వాడికి నేర్పండి. జనవరి 26 మనకి 1950 నాటి గణతంత్ర దినం. ఇక్కడ 1788లో బ్రిటిష్ ఓడలు సిడ్నీలో దిగిన రోజు. ఆ రోజునే 1938లో ఆదివాసీలు సిడ్నీలో సంతాప దినంగా సభ పెట్టారు, ఇప్పటికీ చాలామందికి అది పండగ కాదు. వలస పాలన గురించి పాఠాలు చెప్పిన తల్లి ఈ తేదీని వాడికి వివరించగలిగినట్టు ఇంకెవరు వివరించగలరు? మీ పక్కనున్న వెర్రిబీ పేరు కూడా ఆదివాసీల భాషలోదే, వెన్నెముక అని అర్థం. నది వంపులు చూపించి చెప్పండి.

ఇక వెళ్లడమా, మానడమా? వాళ్ల టేబుల్‌లో కూర్చుంటే రెండు గంటలు కాస్త టెన్షన్ ఉంటుంది, పళ్లెం కథ ఇంకోసారి రావచ్చు. కానీ పిలిచినావిడ కుర్చీ మీ కోసం ఉంచింది. నవ్వడానికే అయితే ఎవరూ ఆ పని చేయరు. లేదంటే స్కూల్లోని తెలుగు తల్లిదండ్రులతో కలిసి మీరే ఒక టేబుల్ కట్టండి. హాయిగా ఉంటుంది, మీవారూ వస్తారు, అయితే సెంటర్‌లో మీ పరిస్థితి మారదు. ఆటలో కూర్చోవడం అసలు ఇష్టం లేకపోతే రాఫెల్ టికెట్లు అమ్మడానికో, మార్కులు వేయడానికో పేరివ్వండి, మార్కులు వేయడం మీకు కొత్త కాదు. మానేసినా తప్పేం లేదు. కాకపోతే అది మీకు ఇష్టం లేక మానేది అయ్యుండాలి, మీవారి మాట మీదో, బాబు మాట మీదో కాదు. మీవారు కోరేది మీ క్షేమమే, దానికి ఆయన చూపిస్తున్న దారి మాత్రం తలుపు మూయడం. ఆయన్ని కూడా టేబుల్‌కి రమ్మనండి, క్రికెట్ ప్రశ్నలకి మనిషి కావాలి.

వెళ్తే చేగోడీలో జంతికలో పట్టుకెళ్లండి, చేత్తో తీసుకుని తినేవి టేబుల్ మీద బాగుంటాయి. వేరుశనగ, జీడిపప్పు వద్దు, స్కూళ్లలో అలర్జీల విషయంలో జాగ్రత్తగా ఉంటారు. నువ్వులు వేస్తే ఆ మాట చీటీ మీద రాసి పెట్టండి. టేబుల్‌కి ఒక పేరు కూడా పెట్టాలి, అది ముందే అడుగుతారు. ఏ నిర్ణయమైనా ఈ వారంలోనే ఆవిడకి చెప్పేయండి. వద్దనుకుంటే ఆ కుర్చీకి ఇంకొకరిని చూసుకునే టైమ్ వాళ్లకి ఉండాలి.